బళ్ళో వెలసిన తుపాకి

ఆ ఆదివారం పొద్దున్న జగన్నాధం మేష్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. అత్తవారింట్లో చద్దన్నం తిని, భార్య తాయారుని పుట్టింట్లో ఇంకొన్నాళ్ళు ఉండమని చెప్పి, ఆమదాలవలసలో బస్సెక్కి సాలూరులో దిగి, అక్కడ ఏ లారీయో పట్టుకుని చీకటి పడకుండా జిల్లేడువలస చేరుకోవాలి. అంతే. జిల్లేడువలస కొండవార పల్లె. అక్కడున్న ఒంటిగది ఎలిమెంటరీ బడికి ఆయనే హెడ్మాస్టరు, ఆయనే అసిస్టెంటు. బుధవారం నాడు ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. ఈసారి కూడా పిల్లలు పల్చగా కనిపిస్తే బడి ఎత్తేసి, ఉన్నవాళ్ళని గెడ్డ వాగు అవతలి బళ్ళో కలిపేస్తానని కిందటిసారే చెప్పి వెళ్ళాడు.

ఊళ్ళో పిల్లలు లేక కాదు. ఉన్నారు, కానీ మేకల వెనకాల ఉన్నారు. బడి పోతే మేష్టారి ఉద్యోగమూ పోతుంది. ఆ తరవాత ఆయనకి దిక్కు మామగారి ధాన్యం కొట్లో కాటా దగ్గిర నిలబడడమే. ఆ దుమ్ము తలుచుకుంటేనే మేష్టారికి తుమ్ములొచ్చేవి. మామగారు తలపుకొస్తే ఆ తుమ్ములు కూడా ఆగిపోయేవి.

మామగారు గణపతిరావు ఆమదాలవలసలో ధాన్యం వ్యాపారి. పొలం మీద పడే అడివిపందులని బెదిరించడానికి లైసెన్సుతో ఒక పాత తుపాకి ఉంచుకున్నాడు. ఆయన ఏదైనా అనుకుంటే అది అప్పటికే జరిగిపోయినట్టు మాట్లాడతాడు. ఆ పొద్దున్న పేపరు చేత్తో పట్టుకుని, చద్దన్నం ముందు కూర్చున్న అల్లుడి ఎదర పీట వాల్చుకున్నాడు.

"అల్లుడూ, సూసేవా? కొండవార బళ్ళలో మేష్టర్లు తుపాకి పెట్టుకోవచ్చని బిల్లు పెడతారట. అయితే పైకి కనబడకూడదట."

"పెడతారట అన్నారు గానీ, ఇంకా పెట్టలేదు కదా మావా."

"సట్టం వచ్చీసేక అందరూ అట్టుకెల్తారు. రాకముందు అట్టుకెల్లినోడిదే గొప్ప."

అది అరవైతొమ్మిదో సంవత్సరం. కొండల్లో నక్సలైట్ల గొడవలని రోజూ ఏదో ఒక కబురు వచ్చేది. దానికితోడు తాయారు కళ్ళు తుడుచుకోవడం మొదలుపెట్టింది. లైసెన్సు మామగారి పేరున ఉంది, తుపాకి బళ్ళో దొరికితే ఉద్యోగం పోవడమే కాదు, తనని సబ్‌జైలుకి పంపుతారని మేష్టారు మొత్తుకున్నాడు. కూతురి పసుపు కుంకాల ముందు లైసెన్సు ఒక లెక్కా అని మామగారు కొట్టిపారేశాడు. మేష్టారికి ఇంట్లో ఓట్లు తక్కువ.

ఇక దాచడం ఎలా అన్న ప్రశ్న వచ్చింది. తుపాకి మేష్టారి భుజం దాకా ఉంది. పంచెలో దోపుకుని చూస్తే నిలబడ్డానికి బాగానే ఉంది గానీ కూర్చోడానికి కుదరలేదు. గొడుగులో పెడితే గొడుగు సగం దాకా కూడా రాలేదు. చివరికి తాయారే ఉపాయం చెప్పింది. పాత పంచె ఒకటి పసుపునీళ్ళలో ముంచి ఆరేసి, తుపాకిని నిలువునా చుట్టి, మూడుచోట్ల ముడులు వేసింది. పసుపుగుడ్డలో చుట్టింది అమ్మవారి మొక్కుబడి. అలాంటి మూటని ఆ ప్రాంతంలో ఎవరూ ముట్టరు, విప్పమనరు. బస్సు కదిలే ముందు మామగారు కిటికీ దగ్గిరికొచ్చి అల్లుడి చెవిలో ఊదాడు.

"మందు కూరే ఉంచేన్రా. గుండ్లు వేయలేదులే, సప్పుడుకే పందులు పారిపోతాయి. పక్కనున్న కన్నం దగ్గిర మాత్రం నిప్పు పెట్టకు."

ఆ మాట విన్నాక రాజాం దాకా మేష్టారు ఊపిరి సరిగ్గా తీసుకోలేదు. కండక్టరు మూటని చూసి చెంపలేసుకుని ముందు సీటు ఖాళీ చేయించాడు. అమ్మవారు కూర్చుంది, మేష్టారు నిలబడ్డాడు. ఎవరో ముసలమ్మ ఏ అమ్మోరు బాబూ అని అడిగితే, మా ఇంటి అమ్మోరు అన్నాడు. అబద్ధం అనుకున్నంత కష్టంగా లేదని ఆయనకే ఆశ్చర్యం వేసింది.

సాలూరులో నూకయ్య లారీ దొరికింది. ఎక్కడ చిన్న ఎత్తు కనిపించినా పొగలు కక్కి ఆగిపోవడం ఆ లారీకి అలవాటు. దానికోసమే నూకయ్య రెండు డబ్బాల నీళ్ళు వెంట ఉంచుకునేవాడు. ఆ సాయంత్రం మూటని తన పక్కన నిలబెట్టుకుని బయల్దేరాడు. లారీ ఎక్కడా ఆగలేదు, పొగ రాలేదు, నీళ్ళ డబ్బా మూత తీయవలసిన అవసరమే పడలేదు. నూకయ్య మొహంలో రంగులు మారుతూ వచ్చాయి. జిల్లేడువలస దగ్గిర దింపేటప్పుడు కిరాయి తీసుకోకుండా మూటకి దణ్ణం పెట్టాడు. కిరాయి మిగిలిందన్న సంతోషంలో మేష్టారు ఆ దణ్ణం సంగతి పట్టించుకోలేదు. మూటని బళ్ళో నల్లబల్ల వెనకాల మూల నిలబెట్టి, వచ్చే ఆదివారం ఎలాగైనా తిరిగి అప్పగించేద్దామనుకుని పడుకున్నాడు.

సోమవారం ఆయన బడికి వెళ్ళేసరికి గుమ్మంలో కొబ్బరిచిప్పలు ఉన్నాయి. బడి ఊడ్చే దాలమ్మ, లారీ నూకయ్య లోపల మాట్లాడుకుంటున్నారు. నల్లబల్ల గోడ వైపు తిరిగి ఉంది. మేష్టారి కుర్చీని కడిగి, పసుపు రాసి, దానిమీద మూటని నిటారుగా నిలబెట్టి కుర్చీకి కట్టారు.

"ఏటి బాబూ, అమ్మోరిని తెచ్చి బల్ల ఎనకాల దాసేస్తారా?" అంది దాలమ్మ. ఆమె కంఠంలో నిష్ఠూరం నిజమైనది.

అది అమ్మవారు కాదు అందామని మేష్టారు నోరు తెరిచాడు. మరి ఏటి అని అడుగుతారు. తుపాకి అనాలి. తెరిచిన నోరు అలాగే మూసేసి, మరిచిపోయేనమ్మా అన్నాడు. ఆ రోజు పాఠం నిలబడే చెప్పాడు. మధ్యాహ్నానికి రోడ్డున పోయే లారీలు ఒక్కొక్కటే ఆగసాగాయి. నూకయ్య లారీ పొగ కక్కలేదన్న కబురు సాలూరులో చెప్పుకోదగ్గ కబురే. డ్రైవర్లు కొబ్బరికాయలు కొట్టారు, క్లీనర్లు బెల్లం పంచారు. బెల్లం వాసనకి మేకల వెనకాల ఉన్న పిల్లలు వచ్చారు, పిల్లల వెనకాల మేకలు వచ్చాయి.

మంగళవారం మేష్టారు తెగించాడు. కోడి కూయకముందే లేచి మూట తీసుకుని పారిపోదామని వెళ్తే, దాలమ్మ బడి గుమ్మానికి అడ్డంగా చాప వేసుకుని కూర్చుని ఉంది. అమ్మవారు ఆమదాలవలస తిరిగి వెళ్ళిపోతానంటోందని ఆమెతో చెప్పాడు.

"మీతో సెప్పిందేటి బాబూ?"

"చెప్పింది."

"అయితే మాతోటీ సెప్పమనండి. అంతవరకూ కదిలేది లేదు."

ఆ మాట ఊరంతా పాకింది. అమ్మవారు పలకబోతోందన్నారు. పక్కనున్న వలస పల్లెల నుంచి ఎడ్లబళ్ళు కట్టుకుని వచ్చారు. డప్పులు వచ్చాయి. బడి వెనకాల పొయ్యి తవ్వి పులిహోరకి ఎసరు పెట్టారు. మేష్టారు సాలూరు పోతున్న నూకయ్యని బతిమాలి, ఆమదాలవలస వెళ్ళి మా మామగారిని ఉన్నపళంగా లారీ ఎక్కించుకు రమ్మన్నాడు. అమ్మవారి పుట్టింటివాళ్ళని పిలుచుకొస్తున్నానని నూకయ్య దారిపొడుగునా చెప్పుకుంటూ వెళ్ళాడు.

బుధవారం ఇన్‌స్పెక్టరు డేవిడ్‌రాజు జీపు లారీల మధ్య ఇరుక్కుపోయింది. ఆయన దిగి, తోలుసంచి చంకన పెట్టుకుని, డప్పుల మధ్యలోంచి నడుచుకుంటూ వచ్చాడు. సన్నటి మనిషి, గొంతు ఎప్పుడూ పెంచడు. మిషను బళ్ళో చదువుకుని పైకొచ్చినవాడు. మోమాటం తెలియదు, లంచం తెలియదు. గది నిండా పిల్లల్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"వీళ్ళంతా మీ పిల్లలేనా మేష్టారూ?"

"మన పిల్లలే సార్," అన్నాడు మేష్టారు నీరసంగా.

"ఆ కుర్చీలో?"

"అమ్మవారు సార్."

డేవిడ్‌రాజు మర్యాదగా తల ఊపి, ఆ పక్కనే ముక్కాలి పీట లాక్కుని కూర్చున్నాడు. పిల్లలని ఎక్కాలు అడగడం మొదలుపెట్టాడు. అప్పుడే దాలమ్మ వేలెడంత పొడుగు ఊదొత్తి ఒకటి వెలిగించుకుని లోపలికి వచ్చింది. నూకయ్య సాలూరు నుంచి ప్రత్యేకం తెప్పించాడట. గుచ్చడానికి అరటిపండు కోసం వెతికింది. పళ్ళన్నీ పిల్లలు తినేశారు. ఆమె చూపు మూట మీద పడింది. బస్సులో ఒరుసుకుని పసుపుగుడ్డ పక్కగా చిరిగింది, ఆ చిరుగులోంచి ఒక చిన్న కన్నం కనిపిస్తోంది. ఊదొత్తికోసమే చేసినట్టు ఉంది. కింద ఉన్న వట్టిపుల్ల పొడుగయిందని విరిచి పారేసి, మందున్న భాగాన్ని కన్నంలో గుచ్చి, దణ్ణం పెట్టుకుని పక్కకి తప్పుకుంది.

అది మామగారు నిప్పు పెట్టొద్దన్న కన్నమని మేష్టారు పోల్చుకున్నాడు. పిల్లవాడెవడో పన్నెండో ఎక్కం అప్పచెబుతున్నాడు. వాడు ఎక్కం పైకి పోతున్నకొద్దీ నిప్పు కిందికి వస్తోంది. ఆయన ఊదొత్తి దగ్గిరికి చెయ్యి చాస్తే దాలమ్మ ఆ చెయ్యి పట్టుకుని, ఆరకుండా తీయకూడదు బాబూ అని గదమాయించింది.

"ఇంకొక సంగతి మేష్టారూ," అన్నాడు డేవిడ్‌రాజు సంచి సర్దుకుంటూ. "బళ్ళలో మేష్టర్లు కనబడకుండా తుపాకి పెట్టుకోవచ్చని చట్టం తెస్తారట. ప్రతి హెడ్మాస్టరునీ అడిగి రమ్మన్నారు. మీ అభిప్రాయం ఏమిటి?"

"వద్దు సార్."

"ఎందుకు?"

"పేలుతుంది సార్."

"ఎప్పుడో ఒకప్పుడు పేలొచ్చు, నిజమే."

"ఎప్పుడో కాదు సార్. ఇప్పుడే."

డేవిడ్‌రాజు తలెత్తి చూశాడు. మేష్టారికి ఇక ఉద్యోగం కనిపించలేదు, సబ్‌జైలు కనిపించలేదు. కుర్చీ చుట్టూ ఉన్న పిల్లలే కనిపించారు. బయటికి పొమ్మంటే వాళ్ళు కదలరని ఆయనకి తెలుసు. అందుకని ఉన్న గొంతంతా పెట్టి, బడి వెనకాల పులిహోర పెట్టేస్తున్నారర్రా అని అరిచాడు. గది ఖాళీ అయిపోయింది. మేకలు కూడా మిగల్లేదు. దాలమ్మని రెక్క పట్టుకుని గుమ్మం బయటికి నెట్టి, పులిహోర మీద ఆసక్తి లేని డేవిడ్‌రాజుని తన మేజాబల్ల కిందికి లాగి, ఆయన మీద తాను పడ్డాడు.

"అది తుపాకి సార్. మా మామగారిది. నన్ను క్షమించండి," అన్నాడు.

అప్పుడు పేలింది. డప్పులు ఆగిపోయాయి. ఆ అదురుకి కప్పు మీది పాత పెంకులు జలజలా రాలాయి. బల్ల కిందినుంచి ఇద్దరూ బయటికి వచ్చేసరికి గది నిండా పొగ, కప్పుకి తట్టంత కన్నం, అందులోంచి ఎండ. కుర్చీలో పసుపుగుడ్డ పీలికలైపోయి, నల్లటి తుపాకి గొట్టం నిగనిగలాడుతూ నిలబడి ఉంది. గుమ్మం నిండా జనం. వాళ్ళని తోసుకుంటూ, అప్పుడే లారీ దిగిన గణపతిరావు లోపలికి వచ్చాడు.

"ఎవర్రా నా తుపాకి పేల్చింది?"

ఇక దాచడానికి ఏమీ లేదు. మేష్టారు జనం వైపు తిరిగి, ఆదివారం చద్దన్నం దగ్గిర మొదలుపెట్టి అంతా చెప్పేశాడు. ఇది అమ్మవారు కాదు, పందుల తుపాకి, మిమ్మల్ని మోసం చేశాను, అమ్మా, నన్నేమన్నా అనండి అన్నాడు. చెబుతుంటే ఆయనకి ఏడుపొచ్చింది. జనం దాలమ్మ వైపు చూశారు. దాలమ్మ కొంగుతో మొహం మీద మసి తుడుచుకుంది.

"తుపాకే బాబూ, కళ్ళు లేవేటి మాకు? అమ్మోరు రాయిలో వస్తాది, కర్రలో వస్తాది, కుండలో వస్తాది. తుపాకిలో రాకూడదని ఎవరు సెప్పేరు? పలకమన్నాం, పలికింది. ఇక్కడే ఉంటానంది."

"ఇది నా లైసెన్సు తుపాకే, దీన్ని నేను అట్టుకుపోతాను," అని గణపతిరావు కుర్చీ వైపు అడుగు వేశాడు. ఊరంతా ఒక్క అడుగు ముందుకు వేసింది. జన్మలో మొదటిసారి ఆయన వెనక్కి తగ్గాడు. లైసెన్సు మీ పేరునే ఉండనీండి బాబూ, పుట్టింటోళ్ళు కదా, ఏటేటా వచ్చి సూసుకెళ్ళండి అని దాలమ్మే ఆయనని సముదాయించి పులిహోర తినడానికి తీసుకెళ్ళింది.

డేవిడ్‌రాజు చొక్కా మీది పెంకుముక్కలు దులుపుకున్నాడు. మేష్టారు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కనబడకుండా పెట్టుకోవచ్చంటుంది ఆ చట్టం," అన్నాడు. "మీరు పసుపుగుడ్డలో దాస్తే నాలుగు వలసలు బళ్ళు కట్టుకుని చూడ్డానికి వచ్చాయి. ఈ జిల్లాలో అది కుదిరే పని కాదని పైకి చెబుతాను. తుపాకి తేవడం తప్పే. కానీ పేలేముందు మీ పిల్లల్ని బయటికి పంపారు, అది చూశాను. ఇంతమంది పిల్లలున్న బడిని మూసేస్తే నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారు."

పోతూ పోతూ, గొట్టంలో ఇక ఎన్నడూ ఏదీ కూరకుండా రెండు కన్నాలూ మూయించాలని గట్టిగా చెప్పాడు. ఆ సాయంత్రమే లారీ వర్క్‌షాపు నుంచి మేస్త్రీని తెచ్చి నూకయ్య దగ్గరుండి వెల్డింగు చేయించాడు. అమ్మవారికి బడి పక్కనే చిన్న గుడి కట్టారు. ప్రసాదం మధ్యాహ్నం గంట కొట్టాకే పెట్టాలని మేష్టారు ఒక్క షరతు పెట్టాడు, దాంతో పిల్లలు నిలిచారు. ఆయన కుర్చీ మాత్రం తిరిగి రాలేదు. బిల్లు సంగతి ఆ తరవాత ఏ పేపర్లోనూ కనిపించలేదు. లైసెన్సు రద్దు కాలేదు కాబట్టి ఏటా పోలీసులు తనిఖీకి వచ్చి, బూట్లు విప్పి, కొబ్బరికాయ కొట్టి, అమ్మవారి నంబరు సరిచూసుకుని పోతున్నారు.