రేపు మాస్టారి కొత్త సంఘం

ఆ ఆదివారం ఉదయానికి టైలరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి చొక్కా ఇస్త్రీ, ఎనిమిదింటికి కొత్త కాలనీ బస్సు, తొమ్మిదింటికి సైకిల్ షాపు మీది గదిలో ఇరవై కుర్చీలు, పదింటికి కూడిక. పదకొండున్నరకల్లా ఒక కొత్త సంఘం పుట్టాలి, తాను ఇంటికొచ్చి భోజనం చెయ్యాలి. కాగితం మీద అంతా సుద్దగీత గీసినట్టు తిన్నగానే ఉంది.

వీధిలో అతన్ని అందరూ రేపు మాస్టారు అంటారు. బట్టలెప్పుడిస్తారని ఎవరడిగినా తలెత్తకుండా "రేపు" అనడం అతని అలవాటు. పనిలో వంక పెట్టడానికి లేదు. అతని కుట్టు చూస్తే మురిసిపోవాల్సిందే, కాకపోతే చూసే భాగ్యం కలగాలి. అలాంటి మనిషి చర్చి పనికి మాత్రం నిమిషం ఆలస్యం చెయ్యడు. పన్నెండేళ్లుగా ప్రతి ఆదివారం అక్కడ కుర్చీలు వేసింది అతనే, తీసి ఒకదాని మీద ఒకటి పేర్చిందీ అతనే. అన్నేళ్లలో ఎవరూ అతన్ని మైకు దగ్గరికి పిలవలేదు, మైకు పనిచెయ్యనప్పుడు తప్ప.

కిందటేడాది పాస్టరుగారికి ఒక ఆలోచన వచ్చింది. కొత్త సంఘం పెట్టాలంటే కొత్త పాస్టరే రావాలని ఎక్కడుంది, మామూలు మనుషులకే తర్ఫీదునిచ్చి జట్లుగా పంపిస్తే పోలా అన్నారు. మొదటి జట్టుకు నలుగురు కుదిరారు: టైలరు, అతని భార్య, ఒక బస్సు డ్రైవరు, రిటైరైన లెక్కల టీచరమ్మ. నాయకుడెవరంటే మిగతా ముగ్గురూ టైలరు వైపు చూశారు. ఆ రోజు అతను భార్యకు కనబడకుండా కళ్లు తుడుచుకున్నాడు. అది మొదలు వారానికి ఐదు సాయంత్రాలు శిక్షణ. కొట్లో మిషను మీద దుమ్ము పేరుకుంది.

పాస్టరుగారు మంచివారే, కానీ నియమాల మనిషి. మొదటి కూడికకు ముందు నలుగురినీ కూర్చోబెట్టి వేళ్లు మడుస్తూ చెప్పారు.

"మన సంఘం వాళ్లు ఒక్కరు కూడా రాకూడదు. పక్క సంఘాల గొర్రెల్ని తోలుకురాకూడదు. అచ్చంగా కొత్తవాళ్లు కావాలి, కనీసం పదిమంది. నేను వెనక కుర్చీలో కూర్చుని చూస్తాను. వస్తే ప్రార్థన చేసి మిమ్మల్ని పంపిస్తాను. రాకపోతే జట్టు రద్దు. మళ్లీ ఎవరి పని వాళ్లు చేసుకుందాం."

ఎవరి పని అంటే టైలరుకు మళ్లీ కుర్చీలే. ఆ మాటకే అతని ప్రాణం ఉసూరుమంది.

రెండు వారాల పాటు నలుగురూ కొత్త కాలనీలో నలభై గడపలెక్కి దిగారు. అందరూ మర్యాదగా మంచినీళ్లిచ్చారు, అందరూ "తప్పకుండా వస్తామండీ" అన్నారు. ఆ మాట విన్న ప్రతిసారీ మిగతా ముగ్గురూ సంబరపడ్డారు గానీ టైలరు గుండె మాత్రం జారింది. ముప్పై ఏళ్లుగా కొట్లో కూర్చుని అలాంటి మాటలు పంచిపెట్టినవాడికి వాటి బరువు ఎంతో తెలియకుండా ఉంటుందా! శనివారం సాయంత్రం దాకా ఆగి, ఇక ఉండబట్టలేక, పక్క ఊళ్లో ఉన్న బావమరిదికి ఫోన్ చేశాడు.

"ఒరేయ్, రేపు మీ చర్చి మానేసి ఇంటిల్లిపాదీ ఇక్కడికి రండి. ఏమీ తెలియనట్టు కూర్చోవాలి. బైబిలు తేవద్దు. ఆమెన్ అనొద్దు. ముఖ్యంగా మీ అక్కకి చెప్పొద్దు."

"అక్క గుర్తుపట్టదా బావా?"

"అప్పటి సంగతి అప్పుడు చూద్దాంలే."

సరిగ్గా అదే సమయానికి వంటింట్లో అతని భార్య గొంతు తగ్గించి తన స్నేహితురాలితో మాట్లాడుతోంది. ఆ స్నేహితురాలు మరో ఊరి చర్చిలో ఇరవై ఏళ్లుగా పాటల జట్టు నడుపుతోంది. "ఆయన మొహం చూడలేకపోతున్నానే, ఓ ఐదుగురిని వెంటేసుకుని రా. పాట వస్తే నోరు తెరవకు" అని ఆమె బతిమాలింది. డిపోలో డ్రైవరు, వేరే చర్చికి వెళ్లే తన కండక్టరు చేత కుటుంబంతో సహా వస్తానని ఒట్టు వేయించుకున్నాడు. టీచరమ్మ ఎక్కడో సండే స్కూలు నడుపుతున్న పాత శిష్యులు తొమ్మిదిమందిని పిలిపించి, అబద్ధం ఎలా ఆడాలో బోర్డు మీద లెక్క చెప్పినంత వివరంగా చెప్పింది. ఎవరికి వాళ్లు మిగతా ముగ్గురూ నిజాయితీపరులనే అనుకున్నారు.

పది కొట్టేసరికి ఇరవై కుర్చీలూ నిండాయి. ఇంకా జనం మెట్లెక్కి వస్తూనే ఉన్నారు. డ్రైవరు పరిగెత్తి సైకిల్ షాపు నుంచి రెండు బెంచీలు మోసుకొచ్చాడు. టీచరమ్మ తలలు లెక్కబెట్టి "ముప్పై నాలుగు!" అంది. టైలరు మనసులోనే లెక్క వేసుకున్నాడు. తనవాళ్లు ఆరుగురు పోయినా నిజంగా వచ్చినవాళ్లు ఇరవై ఎనిమిది మంది! అనవసరంగా అనుమానపడ్డానే, దేవుడా క్షమించు అనుకున్నాడు. అదే ప్రార్థన అదే నిమిషంలో అదే గదిలో మరో ముగ్గురు చేశారు.

ఆ లెక్కకు కాస్త ముందు, గుమ్మం దగ్గర కొత్తవాళ్ల పేర్లు రాసే పుస్తకంతో కూర్చున్నది టైలరు భార్య. తలెత్తి చూస్తే ఎదురుగా సొంత తమ్ముడు, మరదలు, నలుగురు పిల్లలు. ఆవిడ నోరు తెరవబోయింది. పక్కనే పాస్టరుగారు నిలబడి ఉన్నారు.

"నమస్కారమండీ, ఈ కాలనీలోనే ఉంటారా?" అంది, పళ్ల బిగువున.

"అవునండీ. కొత్తగా దిగాం" అన్నాడు తమ్ముడు, నేల చూపులు చూస్తూ.

"పిల్లలు బాగున్నారు. ఎవరి పోలిక?"

"మేనత్త పోలికండీ."

పాస్టరుగారు సంతోషంగా తలూపి నోటు పుస్తకంలో ఏదో రాసుకున్నారు.

అందరికంటే ముందు వచ్చి మొదటి వరసలో కూర్చున్న ఒక పెద్దావిడ మాత్రం ఎవరితోనూ మాట్లాడలేదు. ఒళ్లో చేతిసంచి, సంచి మీద రెండు చేతులు, చూపు తిన్నగా టైలరు మీద. అతను ఆవిణ్ణి చూడగానే గతుక్కుమన్నాడు. ఆవిడ మనవరాలి పుట్టినరోజు గౌనుకు గుడ్డ తీసుకుని నాలుగు నెలలైంది. ఇప్పటికి మిషను రెండుసార్లు చెడింది, కరెంటు మూడుసార్లు పోయింది, గులాబీ రంగు దారం ఊళ్లో దొరకలేదు. ఇవన్నీ ఆవిడతో చెప్పినవి. జరిగినవి కావు.

ఆవిడ చూపు తప్పించుకుని అతను ప్రసంగం బల్ల వెనక్కి జరిగి, ప్రార్థన చేసి, పాట అందుకున్నాడు. "మీకు రాదు కదా, నేనొక్కో లైను చెప్తాను, వెనకే పాడండి" అన్నాడు. మెడలో టేపు వేలాడుతూనే ఉంది, తీయడం మర్చిపోయాడు. మొదటి లైను పాడితే గదిలో సూది పడితే వినిపించేంత నిశ్శబ్దం. నేర్పినట్టే అందరూ పెదాలు బిగించి కూర్చున్నారు. రెండో లైనుకు అతని శ్రుతి జారింది. మూడో లైనుకు పూర్తిగా పల్లంలో పడింది. భార్య స్నేహితురాలు కళ్లు మూసుకుంది, చీర కొంగు నోట్లో కుక్కుకుంది, చివరికి ఇక తట్టుకోలేక శ్రుతి సరిచేస్తూ ఒక్క ముక్క అందుకుంది. అంతే, వెనక నుంచి కండక్టరు గంభీరంగా మంద్రస్థాయి పట్టాడు. రెండో చరణానికి టైలరు చెప్పాల్సిన పని లేకపోయింది. ఐదో చరణం వాళ్లే పాడేశారు, అది అతనికే రాదు.

"కాలనీలో సంగీతం మాస్టారు ఎవరైనా ఉన్నారా?" అని పాస్టరుగారు పక్క బెంచీని అడిగారు. పక్క బెంచీ తల దించుకుంది.

టైలరు గబగబా ప్రసంగంలోకి దిగాడు. ఆ రోజు విషయం మాట తప్పని దేవుడు. అబ్రాహాముకు దేవుడు కొడుకునిస్తానని మాట ఇవ్వడం దగ్గర మొదలుపెట్టాడు.

"ఈ అబ్రాహాముగారు ఈ వీధిలోనే ఉంటారా?" అంది పెద్దావిడ.

పాట దగ్గరే అనుమానం వచ్చిన డ్రైవరు టీచరమ్మ చెవి దగ్గరికి వంగాడు. "మీ మనిషిని కాస్త తగ్గించమనండి. మరీ అతి చేస్తోంది."

"మా మనిషేంటి? మీ తాలూకేమో అనుకున్నాను" అంది టీచరమ్మ. అన్నాక నాలుక కరుచుకుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

టైలరు చెప్పుకుపోతున్నాడు. "అది వేల ఏళ్ల కిందటి సంగతమ్మా. చెప్పిన మాట చెప్పినట్టు, అబ్రాహాముకు తొంభయ్యో ఏట కొడుకు పుట్టాడు."

"వంద!" అన్నారు ఇరవైమంది ఒక్కసారే.

"తొంభై శారా వయసు సార్" అన్నాడు సండే స్కూలు నడిపే శిష్యుల్లో ఒకడు, అలవాటు కొద్దీ చెయ్యెత్తి మరీ.

"తొంభయ్యా! ఆవిడ ఏమీ అనలేదూ?" అంది పెద్దావిడ.

"నవ్విందమ్మా" అంది బావమరిది భార్య.

"నవ్వదా మరి."

పాస్టరుగారు నోటు పుస్తకం మూసి, కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. టైలరు అది చూశాడు. ఎలాగైనా ముగించి బయటపడాలని, "ఆలస్యమైంది గానీ ఇచ్చిన మాట ఆయన నిలబెట్టుకున్నాడు" అని చేతులు జోడించాడు.

పెద్దావిడ లేచి నిలబడింది. సంచిలోంచి నలిగిన కొట్టు చీటీ తీసింది. "బాగుంది. ఆయన సంగతి సరే, మీ సంగతేంటి? నా మనవరాలి గౌను ఎప్పుడిస్తారు? మీ కొట్టుకెళ్తే తలుపుకి కాగితం అంటించి ఉంది, ఆదివారం ఇక్కడుంటాం, అందరూ రండి అని. వచ్చాను. చెప్పండి."

"రే..." అన్నాడు టైలరు.

ఆ మాట సగంలో ఆగిపోయింది. ఇప్పుడే తన నోటితో చెప్పిన ప్రసంగం ఇంకా గదిలోనే ఉంది. అతను పాస్టరుగారిని చూశాడు, భార్యను చూశాడు, మెడలోని టేపును రెండు చేతులతో పట్టుకున్నాడు. జట్టు పోతే పోయింది, ఈ బల్ల దగ్గర నిలబడి ఇంకొక్క అబద్ధం ఆడలేననిపించింది.

"అమ్మా, మిషను చెడలేదు. కరెంటు పోలేదు. దారం మొదట్నించీ నా సొరుగులోనే ఉంది. మీ గుడ్డ నేనింకా కత్తిరించనే లేదు. మిమ్మల్ని తిప్పించాను, నాదే తప్పు." ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నాడు. "అయ్యగారూ, ఇంకోటి. ఆ మూడో వరసలో ఆరుగురూ కొత్తవాళ్లు కాదు. మా బావమరిది వాళ్లు."

"అది నాకూ తెలుసు" అంది భార్య లేచి. "కానీ పాట పాడినావిడా, పక్కన ఐదుగురూ నేను పిలిచినవాళ్లు."

డ్రైవరు లేచాడు. "మా కండక్టరు వాళ్లు ఎనిమిదిమంది అయ్యగారూ."

టీచరమ్మ లేవలేదు గానీ బ్యాగులోంచి పెన్సిలు తీసింది. "ముప్పై నాలుగులో ఆరు పోతే ఇరవై ఎనిమిది. ఆరు పోతే ఇరవై రెండు. ఎనిమిది పోతే పద్నాలుగు. నావాళ్లు తొమ్మిది. మిగిలింది ఐదుగురు." ఆ ఐదు దగ్గర ఆవిడ మొహం కాస్త విప్పారింది. "ఐదుగురైనా నిజమైనవాళ్లేగా!"

వెనక నుంచి పాస్టరుగారు దగ్గారు. దగ్గి, కిటికీ వైపు చూసి, మళ్లీ దగ్గారు.

"ఇంకో నలుగుర్ని తీసెయ్యండమ్మా" అన్నారు మెల్లగా. "ఆ కిటికీ పక్కనున్నది మా వదినగారి కుటుంబం. ఒక్కరూ రాకపోతే టైలరు చిన్నబుచ్చుకుంటాడేమోనని..."

ముందు కండక్టరు నవ్వాడు. తర్వాత గది మొత్తం నవ్వింది, కళ్ల వెంట నీళ్లొచ్చేలా, బెంచీలు కిర్రుమనేలా. నవ్వనివాళ్లు ఇద్దరే, టైలరు, పెద్దావిడ.

"అయితే ఇంతమందిలో నిజంగా వచ్చింది నేనొక్కదాన్నేనా?" అంది ఆవిడ.

"మీరొక్కరేనమ్మా" అన్నాడు టైలరు.

ఆవిడ చుట్టూ చూసింది. "నలభై ఏళ్లుగా టైలర్ల చుట్టూ తిరుగుతున్నాను. కత్తిరించలేదని ఒప్పుకున్నవాణ్ణి ఇవాళే చూశాను. వచ్చే వారం కూడా ఉంటుందా ఇది?"

అందరూ పాస్టరుగారి వైపు తిరిగారు. నియమాల మనిషి, కానీ నియమం తప్పిన మనిషి కూడా. ఆయన చాలాసేపు కళ్లద్దాలు తుడిచారు.

"పదిమంది అన్నాను, ఒక్కరొచ్చారు. ఆ ఒక్కరూ వచ్చే ఆదివారం మళ్లీ వస్తే జట్టు ఉంటుంది. రాకపోతే రద్దు. ఈసారి చుట్టాలెవరూ రాకూడదు. నా చుట్టాలు కూడా."

"గౌను ఇస్తే వస్తాను" అంది పెద్దావిడ. "కొలతలు మళ్లీ తీసుకోవాలి. ఈ నాలుగు నెలల్లో పిల్ల ఎదిగిపోయింది."

సోమవారం తెల్లారేసరికి టైలరు మిషను మీది దుమ్ము దులిపాడు. డ్రైవరు తన బస్సులోనే పిల్లను కొట్టు దగ్గర దించాడు, టీచరమ్మ కొలతలు రెండుసార్లు సరిచూసింది, భార్య అంచుకు కుచ్చులు పట్టింది. శనివారం మధ్యాహ్నానికల్లా గౌను తయారై వంకెకు వేలాడింది. చెప్పిన రోజుకు ముందే తయారైన బట్ట అతని చేతిలో అదే మొదటిది. అతను దాని ముందు నిలబడి చూస్తూ ఉండిపోయాడు.

ఆదివారం పది గంటలకు గదిలో నలుగురు జట్టువాళ్లు, వెనక కుర్చీలో పాస్టరుగారు, పంతొమ్మిది ఖాళీ కుర్చీలు. పదీ ఐదు అయింది. పదీ పది అయింది. టైలరు కళ్లు మూసుకుని ప్రార్థించాడు. అప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. ముందు పెద్దావిడ, వెనక మనవరాలు, వాళ్ల వెనక మరో పదకొండుమంది ఆడవాళ్లు. బల్ల మీద పెట్టి ఉన్న గౌను చూసి పిల్ల ఎగిరి గంతేసింది, టైలరు భార్య ఈసారి దాచుకోకుండానే ఏడ్చేసింది.

పాస్టరుగారికి అనుమానం తీరలేదు. "అమ్మా, వీళ్లంతా నిజంగా కొత్తవాళ్లేనా?" అని అడిగారు.

"నిజంగానే అయ్యా. ఇక్కడికొస్తే ఈయన నిజం చెప్తాడని నేనే చెప్పాను" అంది పెద్దావిడ.

పదకొండుమందీ వరసగా కూర్చుని, పర్సులు తెరిచి, తలా ఒక నలిగిన కొట్టు చీటీ బయటికి తీశారు. కొట్లో బీరువాలో ఇంకా అరవై రెండు మూటలున్నాయి కాబట్టి సంఘం భవిష్యత్తుకు ఢోకా లేదని పాస్టరుగారు నోటు పుస్తకంలో రాసుకున్నారు.