ఒంటి చెప్పుల శుక్రవారం

శుక్రవారం ఉదయం రాణి వేసుకున్న పథకం చాలా చిన్నది. పరీక్షాధికారి వచ్చేలోగా ఉప్మా తినాలి, బెల్లాన్ని దువ్వాలి, ఆ తర్వాత మొగుడి పక్కన కూర్చుని ఊరికే నవ్వుకోవాలి.

బెల్లం వాళ్ల కుక్కపిల్ల. నిజానికి వాళ్లది కాదు. వంగలేని, నడవలేని మనుషులకు సాయపడే కుక్కలను తయారుచేసే సంస్థ ఒకటి, కుక్కపిల్లలను ఏడాదిపాటు ఇళ్లలో పెంచడానికి ఇస్తుంది. గల్ఫు దేశంలోని ముఐథర్‌లో కొత్తగా కాపురం పెట్టిన రాణీ తిరుమలలు సంబరంగా ముందుకొచ్చారు. ఈ రోజు పరీక్షలో తప్పితే, బెల్లం ఆ ఉద్యోగానికి పనికిరాదని తేల్చేస్తారు.

దానికి వచ్చిన గొప్ప విద్య ఒక్కటే. తిరుమల డ్యూటీ నుంచి వచ్చి "తే" అంటే ఇంటి చెప్పులు నోట కరుచుకుని తెస్తుంది. తెచ్చినప్పుడల్లా ఒక బిస్కెట్టు ముక్క.

ఆ ఉదయమే ఎదురు ఫ్లాటు వజీరున్నీసా చుట్టాలను నాష్తాకు పిలిచింది. ఆమె గడప ముందు చెప్పుల గుట్ట. నీళ్ల క్యాను లోపలికి దొర్లించిన రాణి తలుపు సరిగా వేయలేదు.

మొదట వంటింట్లోకి మగవాళ్ల నల్ల బూటు వచ్చింది. రాణి తిప్పి చూసింది. ఇంత పెద్ద పాదమా? కట్టుకున్నవాడి పాదం ఎంతో తెలియదని ఒప్పుకోవడం కొత్త పెళ్లికూతురికి నామర్దా. "శభాష్ బెల్లం!" అని బిస్కెట్టు పెట్టి, బూటును మంచం కిందికి తోసింది. హాల్లో ఉన్న తిరుమలకు పూసల ఆడచెప్పు అందింది. వెనకే జరీ చెప్పు. ఎన్ని కొన్నావని అడిగితే తొలి గొడవ అవుతుందని, అతడూ బిస్కెట్టు పెట్టి ర్యాకులో సర్దాడు. అలా ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. ఇంత సులువైన సంపాదన బెల్లం ఎన్నడూ చూడలేదు.

"నీకిన్ని బూట్లున్నయని చెప్పనే లేదు. మంచం కింద జాగనే లేదు!" అంది రాణి ముద్దుగా.

"నాకేడియి? ర్యాకు నిండ నీవే ఉన్నయి గద!"

ఇద్దరూ అన్నీ బయటికి తీసి కుప్ప పోశారు. ఒక్కదానికీ జోడు లేదు.

అప్పుడే వరండాలో వజీరున్నీసా గొంతు లేచింది. "యా అల్లా! అందరియి ఒక్కొక్కటే పోయినయ్! దొంగకు ఒకటే కాలున్నదా ఏంది? జహాంగీర్! వాచ్‌మన్ అని కూసున్నవ్, ఏం కావలి కాసినవ్?"

"కసం బేగం సాబ్, నేను కిందనే ఉన్న! దొంగ మాఫీ! ఎవ్వడు రాలే!"

లిఫ్టు తెరుచుకుంది. పరీక్షాధికారి కృష్ణప్రసాద్ దిగాడు. "ఏమండీ, ఇక్కడేమైనా పెళ్లా?"

తిరుమల తలుపు మూయబోయాడు. రాణి అడ్డం పడింది. "పాపం, జహాంగీర్ అన్నను తిడుతున్నరు."

"చెప్తే బెల్లం ఫెయిలైతదే!"

"ఇంకోల్లను దొంగను జేసి పాసైతే అది పాసా?"

ఒళ్లో పట్టినన్ని చెప్పులతో రాణి వరండాలోకి వచ్చింది. "మా బెల్లమే తెచ్చింది అక్కా. తప్పు మాదే."

"ముందే చెప్పిన గద, బిల్డింగ్‌ల కుక్క వద్దని!" అంది వజీరున్నీసా.

అందరూ ఒక్కసారే అరిచారు. ఆ తోపులాటలో వజీరున్నీసా అత్తగారి చేతికర్ర జారి పడింది. గోడ పట్టుకుని నిలబడ్డ ఆ పెద్దావిడ వంగలేకపోయింది. మిగతావాళ్లు చెప్పులు ఏరుకుంటున్నారు. బెల్లం కాళ్ల మధ్యగా దూరి వెళ్లి, కర్రను కరుచుకుని ఆమె చేతికి అందించింది. ఆమె గట్టిగా పట్టుకునేదాకా వదల్లేదు. ఎవరూ "తే" అనలేదు. ఎవరి చేతిలోనూ బిస్కెట్టు లేదు.

"అరే వా! కోడలి కన్న ఇదే నయం!" అంది పెద్దావిడ.

వరండా గొల్లుమంది. ముందు మూతి ముడిచిన వజీరున్నీసా కూడా నవ్వేసింది.

"గుంపులో బెదరలేదు, అరుపులకి మొరగలేదు, చెప్పకుండానే అందించింది," అన్నాడు కృష్ణప్రసాద్. "ఇంకేం చూడక్కర్లేదండీ. పాస్!"

రాణి అందరి ముందే మొగుణ్ణి వాటేసుకుని, తర్వాత సిగ్గుపడింది.

"యల్లా, అందరు లోపటికి రండ్రి, మీఠా తినుర్రి," అంది వజీరున్నీసా. "ఆ దొంగకు బిస్కెట్ నేనే ఇస్త."

మీఠా తిని బయటికి వచ్చిన కృష్ణప్రసాద్‌కు గడప ముందు తన బూట్లలో ఒక్కటే కనిపించింది. అప్పటికే ఫలితం చెప్పేశాడు.