చెవిలో నటుడు

నాటకంలో ప్రధాన పాత్ర వేసేవాడికి సంభాషణలు నోటికి రావలసిన అవసరం ఎంతమాత్రమూ లేదు! ఈ మాట అంటున్నది ఇంగ్లండు ఉత్తర తీరాన, ఉప్పుగాలికి రంగు వెలిసిన ఒక థియేటర్‌లో నటులు మరిచిన మాటలు అందించే ప్రాంప్టర్‌గా ముప్పై ఒక్క సంవత్సరాలు కూర్చున్న మనిషి. కాబట్టి దయచేసి నమ్మండి.

గత శతాబ్దపు అజ్ఞానంలో నటులు తమ మాటలు తామే బట్టీ పట్టేవారు. బస్సులో గొణుక్కునేవారు. స్నానాల గదిలో ఏడ్చి చూసుకునేవారు. ఎంత కాలహరణం! ఇప్పుడు బఠాణీ గింజంత ఇయర్‌ఫోన్ వచ్చింది. చెవిలో పడిన మాటను నోటితో వదిలితే చాలు. చిలుక కూడా అంతపని చేయగలదు నిజమే. కానీ చిలుకను చూడడానికి ఎవరు టికెట్ కొంటారు?

మొన్నటి శరత్కాలంలో మా థియేటర్ చూపు పోయిన ఒక ఓడ కెప్టెన్ కథను ప్రదర్శించింది. కెప్టెన్‌గా రికీ స్టానాడ్. ప్రతి మంగళవారం టీవీలో పరాయివాళ్లు చేసిన కేకులను వేలితో పొడిచి, "లోపల పచ్చిగా ఉంది" అని తీర్పు చెప్పే మహానుభావుడు. తడిమి తెలుసుకునే విద్యలో ఇంతకన్నా అనుభవం ఎవరికుంది?

ఆ పాత్రను మొదట డెన్‌జిల్ ప్రౌస్‌కు ఇస్తామన్నారు. ఆ పేరు మీకు తెలియదు. మనిషిని మాత్రం చూసే ఉంటారు. నలభై నాలుగేళ్లలో రంగస్థలం మీద, సినిమాల్లో, టీవీలో ఆయన బిషప్పు, పశువైద్యుడు, తలారి, మూడుసార్లు శవం. క్రిస్మస్ నాటకంలో ఇద్దరు దూరే ఆవు వేషంలో వెనక కాళ్లు. ముందు కాళ్లవాడు తాగి పడిపోయిన రోజున ఆవు మొత్తం! ఏ పాత్రలో చూసినా ఆయన కనబడడు. అదే ఆయన చేసిన నేరం.

బస్టాపులో జనం ఆపి, "మీరు మా పళ్ల డాక్టరు కదూ?" అంటారు. ఆయన కాదనడు. నొప్పి తగ్గిందా అని అడుగుతాడు. విమర్శకులు 'బహుముఖ ప్రజ్ఞ' అని రాసి, పక్కన పేరు రాయడం మరిచిపోతారు. ఈ కెప్టెన్ పాత్రతోనైనా నలుగురిలో తన పేరు ఒక్కసారి వినబడాలని ఆయన ఆశ. అరవై తొమ్మిదో ఏట అది అత్యాశ అంటారా?

దర్శకురాలు ఇమోజెన్ నా ఎదుటే ఆయనకు చెప్పింది.

"డెన్‌జిల్ డార్లింగ్, నీకు అంతకన్నా మంచి పని చూశాను. రికీకి పాఠం చదివే తీరిక లేదు, పాపం. స్టేజి కింద గదిలో కూర్చుని నువ్వు మైకులో చెబుతూ ఉండు, ఆయన అనేస్తుంటాడు."

"మొత్తం నేనే చెప్పాలా?"

"మొత్తం ఎందుకు? దగ్గులు ఆయనవే."

"మరి కరపత్రంలో నా పేరు?"

"భలేవాడివే! వేస్తే జనానికి తెలిసిపోదూ?"

పుటలు తిప్పడానికి నన్ను ఆయన పక్కన కూర్చోబెట్టారు. ఆయనకు పుటలతో పని లేదు. అందువల్ల టీ పోశాను. ఆ ఇరుకు గదిలో, వేడినీటి గొట్టాల మధ్య, ఆయన ప్రతి రోజూ కళ్లు మూసుకుని చూపు పోగొట్టుకునేవాడు.

విరామంలో ఐస్‌క్రీమ్ కప్పులు పట్టుకున్న ఇద్దరు స్త్రీల సంభాషణ విన్నాను.

"ఆ గొంతు విన్నావుటే, మౌరీన్? ఒళ్లు ఝల్లుమంది! కేకుల దగ్గర ఇలా మాట్లాడడేం?"

"అక్కడ నోటినిండా కేకు ఉంటుంది కదే!"

కొడుకు పోయాడన్న వార్త విని కెప్టెన్ పదకొండు సెకన్లు మౌనంగా నిలబడిన తీరు ఈ దశాబ్దపు మహత్తర నటన అని పత్రికలు రాశాయి. ఆ పదకొండు సెకన్లు డెన్‌జిల్ గొంతులో బిస్కెట్ అడ్డం పడింది. వీపు చరిచింది నేను. దశాబ్దపు నటనలో నా అరచేతికీ కొంత భాగం ఉన్నదని వినయంగా మనవి చేస్తున్నాను.

ఈ సదుపాయాన్ని నాటకానికే పరిమితం చేయడం అన్యాయం కాదా? ఆపరేషన్ గదిలో టీవీ డాక్టరు చేతికి కత్తి ఇచ్చి, చదువుకున్న డాక్టరును బల్ల కింద కూర్చోబెడితే రోగి ఎంత మురిసిపోతాడు!

డిసెంబరులో రికీ స్టానాడ్‌కు ఉత్తర ప్రాంతపు ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. ఆయన పరుగున మా గదిలోకి దిగాడు.

"డెన్ బాసూ, బహుమతి సభలో అంతమంది ముందు సొంతంగా మాట్లాడమంటే నాకు నోరు పెగలదు. అక్కడ కూడా నువ్వే అందించాలి. నువ్వు ఏది చెబితే అది అనేస్తా."

"ఏది చెప్పినా?" అన్నాను నేను.

"ఏది చెప్పినా, మేడమ్! నేను వింటానా పెడతానా? అనేయడమే!"

ఆయన వెళ్లగానే డెన్‌జిల్ వైపు తిరిగాను. "నీ పేరు చెప్పించు. రెండే మాటలు."

ఆయన నవ్వి, ఆలోచిస్తానన్నాడు.

సభ రోజున మమ్మల్ని తెర వెనక, అతిథుల కోట్లు తగిలించిన మూలలో కూర్చోబెట్టారు. అవతల ఐదువందల మంది. డెన్‌జిల్ మైకులో మెల్లగా చెబుతున్నాడు. ఒక్క క్షణం వెనకగా రికీ పలుకుతున్నాడు. తల్లికి కృతజ్ఞతలు. ఇమోజెన్‌కు కృతజ్ఞతలు. కేకుల కార్యక్రమానికి, పెంపుడు కుక్కకు కృతజ్ఞతలు. కుక్క దగ్గర గొంతు సరిగ్గా ఎక్కడ జీరపోవాలో అక్కడ జీరపోయింది. హాలంతా లేచి నిలబడింది.

అంతే. ప్రసంగం ముగిసింది.

"నీ పేరేదీ?" అన్నాను.

ఆయన కళ్లు తుడుచుకుంటూ మైకు కింద పెట్టాడు. "వారం రోజులు ఆలోచించాను ఎడిత్. నేను వేసింది రికీ పాత్ర. అలాంటివాడికి ఆ చోట నా పేరు తట్టదు. చెప్పించి ఉంటే అతికేది కాదు, అబద్ధం అయ్యేది."

పాత్రకు న్యాయం జరిగింది. నేను ఎవరి పాత్రనూ కాను. ఈ మాట పలకడానికి నాకు ఇంకొకరి నోరూ అక్కరలేదు. ఉత్తర ప్రాంతపు ఉత్తమ నటుడు డెన్‌జిల్ ప్రౌస్.