గిట్ట పరీక్ష

ఒక పెద్ద అడవిలో అని మొదలుపెడదామంటే నాకే సిగ్గేస్తోంది. ఆ అడవిలో చెట్లన్నీ ఏనాడో పోయాయి. మిగిలింది ఇసుక, ఇసుకలో కట్టుకున్న ఇళ్లు, ఊరంతటికీ ఒకే ఒక్క చెలమ. అయినా పొలిమేరలో బోర్డు మీద మాత్రం 'మహారణ్య నగరం' అనే ఉంది. బోర్డుకి సిగ్గెక్కడిది!

ఆ ఊరి పాలకమండలి అధ్యక్షుడు గంభీరయ్య అనే దున్నపోతు. ఎక్కడో కాలవల కింద పుట్టి పెరిగినవాడు. వాకిట్లో పచ్చిక లేని కొంప కొంపే కాదని ఆయనగారి నమ్మకం. అందుకని ఇంటింటా పచ్చిక వేయించి, రోజుకి మూడు బిందెల నీళ్లు వాటా ఇచ్చాడు. ఆ నీళ్లు మిట్టమధ్యాహ్నమే చల్లాలట. మరి ఆయనగారు ఊరు చూడ్డానికి బయల్దేరేది అప్పుడే! సగం నీళ్లు నేలలోకి ఇంకకముందే ఎండ తాగేసేది.

ఊరి చివర పోలమ్మ అనే ముళ్లపంది ఉండేది. నాలుగేళ్ల కిందట ఎండదెబ్బకి ఆమె బిడ్డ ఒకటి పోయింది. ఏడ్చి ఏడ్చి, ఆ ఏడే వాకిట్లో రేగుమొక్క నాటింది. ఇప్పుడు మళ్లీ ఇద్దరు పిల్లలు. ఆ చెట్టు ఎండితే వీళ్లూ దక్కరని పోలమ్మకి ఒకటే గుబులు.

అందుకే పచ్చిక జోలికి పోలేదు. చెట్టు పక్కన ఒక మట్టికుండని మూతి దాకా పాతి, పైన మూకుడు పెట్టింది. కుండలో నీళ్లు కొద్దికొద్దిగా బయటికి ఊరి వేళ్లకి అందేవి. మూడు రోజులకోసారి నింపితే చాలు. మిగతా వాటా చెలమలోనే వదిలేసేది.

ఇంతలో చెలమ అడుగంటసాగింది. గంభీరయ్య నీటి పొదుపు పక్షోత్సవాలు ప్రకటించాడు. "ఇచ్చిన నీళ్లు సక్రమంగా వాడని వాళ్ల వాటా కోసేస్తాం!" అన్నాడు. తనిఖీకి సింహాద్రి అనే గాడిదని వేశాడు.

సింహాద్రి పనితనం చూసి తీరాలి. ప్రతి వాకిట్లో గిట్ట అదిమి పైకెత్తుతాడు. బురద అంటితే 'సద్వినియోగం' అని రాస్తాడు. అంటకపోతే 'దుర్వినియోగం'. అంతకుమించి ఆ బుర్రకి పని చెప్పడు.

పోలమ్మ వాకిట్లోనూ గిట్ట అదిమాడు. పొడి ఇసుక రాలింది.

"ఏమ్మా, నీళ్లు పోయట్లేదా?"

"పోస్తున్నాను బాబూ. కుండ లోపలుంది. తడి కావాల్సింది వేళ్లకి గదా, నీ గిట్టకెందుకు?"

"నేల చూస్తే పొడి, చెట్టు చూస్తే పచ్చన! అంటే ఎక్కడో నీళ్లు దాచావన్నమాట."

"అయ్యో రాత! మూకుడు తీసి చూడవయ్యా!"

"లోపలికి చూడమని నా ఉత్తర్వులో లేదు."

మర్నాడు మండలి మొత్తం విచారణకి తరలివచ్చింది. గంభీరయ్య అటూ ఇటూ చూసి, ఊళ్లో ఇంకెక్కడా నీడ లేదు గనక, ఆ రేగుచెట్టు కిందే చేరాడు. ఆ నీడలో ఆయన తలా పొట్టా మాత్రమే పట్టాయి. పోలమ్మ పిల్లలిద్దరూ ఎండలోకి జరగాల్సి వచ్చింది.

"ఆహా, హాయిగా ఉంది. ఇక చెప్పు, నేరం ఒప్పుకుంటావా?"

"నాకీ పిల్లలు తప్ప ఎవరూ లేరయ్యా. వీళ్లకి ఈ చెట్టు తప్ప నీడ లేదు. మీకు దణ్ణం పెడతాను, కుండ జోలికి రాకండి."

వచ్చారు. సింహాద్రి కాళ్లతో తవ్వితే కుండ కాస్తా పగిలింది. అడుగున దోసెడు నీళ్లున్నాయి. "అక్రమ నిల్వ!" అన్నాడు గంభీరయ్య. పోలమ్మ వాటా రద్దయింది. ఆమె పెంకులు ఏరుకుంటూ భోరుమంది.

ఈ వార్త వినగానే ఊరంతా హడలిపోయింది. బురద కనబడకపోతే వాటా పోతుందని, వాటా లెక్క చూడకుండా మూడు బిందెలు పోసేవాళ్లు ఆరు పోశారు, ఆరూ చాలవని పొద్దస్తమానం పోశారు. సింహాద్రి మోకాళ్ల దాకా బురదతో తిరిగి, పొదుపు నూటికి నూరుపాళ్లు సఫలమని నివేదిక ఇచ్చాడు. ఆ నివేదిక చదివి చప్పట్లు కొట్టిన రోజే చెలమ ఎండిపోయింది.

తాగే నీళ్లకి పొరుగూరి వాగుదాకా నడవాల్సిన గతి పట్టింది. వారం తిరిగేసరికి పచ్చికంతా గడ్డివాము రంగుకి తిరిగింది. రేగుచెట్టు మాత్రం ఆకు వాడలేదు. నాలుగేళ్లు లోపలి చెమ్మకి అలవాటుపడ్డ వేళ్లు, తడి వెతుక్కుంటూ ఎప్పుడో లోతుకి దిగిపోయాయి.

గంభీరయ్య నాలుక వేలాడేసుకుని మళ్లీ వచ్చాడు. వెనక సింహాద్రి బోర్డు మోసుకొచ్చాడు. దాని మీద 'పక్షోత్సవాల ఘనవిజయం: మండలి పెంచిన ఆదర్శ వృక్షం' అని రాసి ఉంది.

"లేమ్మా, పిల్లల్ని తీసుకుని ఎండలో కూర్చో. ఇది ఇకనుంచి మండలి కార్యాలయం," అన్నాడు గంభీరయ్య.

పోలమ్మ ఈసారి దణ్ణం పెట్టలేదు. పిల్లల్ని చెట్టు మొదట్లోకి నెట్టింది. వాళ్లకి అడ్డంగా నిలబడి, వీపు వచ్చినవాళ్ల వైపు తిప్పి, ముళ్లన్నీ ఒక్కసారి నిక్కబొడిచింది. "గిట్ట పెట్టు బాబూ, పరీక్ష చెయ్యి!" అని వెనక్కి వెనక్కి నడిచింది.

సింహాద్రి గిట్ట పెట్టనే పెట్టాడు, అలవాటు మరి! వాడి ఓండ్ర ఊరంతా వినబడింది. గంభీరయ్య మూతిలో నాలుగు ముళ్లు దిగాయి. ఇద్దరూ బోర్డు అక్కడే పారేసి, మండుటెండలో పడి పరిగెత్తారు.

ఆ చెట్టు నీడ ఆరోగ్యానికి హానికరమని మర్నాడు మండలి తీర్మానించింది. పోలమ్మ పిల్లలు ఆ నీడలోనే, ఆ బోర్డు మీదే నిద్రపోయారు.

నీతి: వేళ్లకి నీళ్లు పోసే తెలివి ఉంటే చెట్టు దక్కుతుంది, దాని నీడ దక్కాలంటే మాత్రం ఒంటినిండా ముళ్లుండాలి.