చెప్పినవారికి మందులివ్వబడవు

ఆ ఉదయం మందుల షాపాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం దాకా షాపు చూసుకోవాలి, షట్టరు దించాలి, భార్యతో కలిసి ఊళ్ళో ఆడుతున్న ఓడ హత్య సినిమాకి వెళ్ళాలి. హంతకుడెవరో తన బుర్రతో తానే కనిపెట్టాలి. సినిమా ఆడేది ఆ రోజు వరకే. ఇన్నాళ్ళూ ఎవరి నోటా కథ వినకుండా నెట్టుకొచ్చాడు. ఇంకొక్క పూట నెట్టుకొస్తే చాలు.

ఇంత పట్టుదలకి కారణం ఆయన బావమరిది. కిందటి నెల షాపాయన ఒక వీడియో గేమ్ ఆడాడు. పాత భవంతిలో గడియారాలు ఒక్కొక్కటే మాయమవుతుంటాయి, దొంగని పట్టుకోవాలి. అందులో ఏ సొరుగైనా లాగి చూడొచ్చు, కిటికీ బయట వాన కురుస్తూనే ఉంటుంది. అలాంటి ఆట పుట్టి బుద్ధెరిగాక ఆడలేదని కనిపించిన వాళ్ళందరికీ చెప్పాడు. సరిగ్గా ఒక్క గది మిగిలి ఉండగా బావమరిది వచ్చి, సోఫాలో కూలబడి, కాఫీ గ్లాసు అందుకుంటూ, "ఇంకా ఇక్కడే ఉన్నావా బావా? ఆ తోటమాలే దొంగ" అన్నాడు. నోట్లో నువ్వుగింజ నానని మనుషులుంటారు. వాళ్ళని క్షమించెయ్యమని పెద్దలు చెబుతారు. ఆ పెద్దలెవరూ వీడియో గేములు ఆడినవాళ్ళు కారు.

"ఇవాళ ఎవడైనా నోరు విప్పాడో, నా చేతుల్లో అయిపోతాడు" అన్నాడు చొక్కా గుండీలు పెట్టుకుంటూ. "నువ్వు కూడా అంతే. హాల్లో కూచున్నాక సినిమా అయ్యేదాకా ఒక్క మాట మాట్లాడకూడదు. హాలుకి నిప్పంటుకున్నా సరే!"

"సరేనండీ. నిప్పంటుకున్నా మాట్లాడను" అంది భార్య.

షాపు తెరవగానే అట్టముక్క మీద ఎర్రటి అక్షరాలతో రాసి కౌంటరు మీద నిలబెట్టాడు: "ఓడ హత్య సినిమా కథ ఇక్కడ చెప్పరాదు. చెప్పినవారికి మందులివ్వబడవు." కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. అంతవరకు తమ దగ్గూ జలుబూ తప్ప మరో ఆలోచన లేని జనం, ఆ బోర్డు చదివి సినిమా గురించి ఆలోచించడం మొదలుపెట్టారు.

"అంత బాగుంటుందాండీ?" అంది నడుం నొప్పికి పూతమందు కోసం వచ్చిన ఒకావిడ.

"నాకేం తెలుసు? నేను చూడలేదు."

"చూడకుండానే బోర్డు పెట్టారా?"

వెనక నిలబడ్డ టైలరు తల ముందుకి పెట్టాడు. "నేను చూశానండీ. చెప్పను లెండి, వద్దని రాశారుగా. కాకపోతే ఆ నర్సుంది చూశారూ..."

"బయటికి నడవండి!" షాపాయన ఒంటికాలి మీద లేచాడు.

"అదికాదండీ, మా ఆవిడ బీపీ మాత్రలు..."

"ఇవిగో మాత్రలు! వీటితోపాటు మీ నోటిక్కూడా ఏదన్నా వేసుకోండి!"

ఇక లాభం లేదనుకున్నాడు. మందుల షాపులో దూదికి కరువేముంది? ఒక చుట్ట విప్పి, రెండు ఉండలు చేసి, చెవుల్లో కుక్కుకున్నాడు. లోకం చక్కగా నోరు మూసుకుంది.

చీటీ చూపించిన వాళ్ళకి ఏ ఇబ్బందీ రాలేదు. నోటితో అడిగినవాళ్ళే ఇరుక్కుపోయారు. థర్మామీటరు అడిగినామెకి వేడినీళ్ళ సంచి వచ్చింది. దువ్వెన అడిగిన పెద్దమనిషి బేబీ సబ్బు పట్టుకుని అయోమయంగా నిలబడ్డాడు. వాళ్ళు గట్టిగా అరిస్తే, సినిమా గురించే అరుస్తున్నారనుకుని ఈయన అంతకంటే గట్టిగా అరిచాడు. "కళ్ళు కనబడట్లేదా? బోర్డు చదవండి!"

ఇంతలో టికెట్ల సంగతి అడగడానికి భార్య ఫోను చేసింది. అది మోగి మోగి ఊరుకుంది. ఏమైందో చూసి రమ్మని ఆవిడ తమ్ముణ్ణి పంపింది. గుమ్మంలో బావమరిది ముఖం కనబడగానే షాపాయనకి ఒళ్ళు మండిపోయింది. దూదిని ఇంకాస్త లోపలికి నొక్కి, గోడవైపు తిరిగి, సీసాలు సర్దడం మొదలుపెట్టాడు.

"బావా, అక్క ఫోనెత్తమంటోంది... బావా! ఓ బావా!"

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

"పొద్దుట్నించీ ఇదే వరసండీ" అన్నాడు బేబీ సబ్బు పెద్దమనిషి. "పాపం, ఏం వినబడుతున్నట్టు లేదు."

బావమరిది కళ్ళు చెమ్మగిల్లాయి. వీధిలోకి పరిగెత్తి, "అక్కా! బావకి చెవులు పోయాయే!" అని ఫోనులో బావురుమన్నాడు. ఆవిడ ఉన్నపళాన వచ్చి చూసేసరికి, మొగుడు చెవుల్లోంచి దూది లాగుతూ కనిపించాడు. సంగతంతా విని నెత్తి కొట్టుకుంది. కానీ ఈలోగా తమ్ముడు ఆ వార్తని వీధి వీధంతా పంచేశాడు. నిజం చెప్పి రమ్మందామంటే వాడి ఫోను ఖాళీగా లేదు. ఇంకెవరికో చెబుతున్నాడు.

సాయంత్రం హాల్లో భార్య కుడిపక్కన కూచుంది. ఎడమపక్క సీట్లో, చిన్నప్పుడు ఆయనకి ఎక్కాలు నేర్పిన లెక్కల మాస్టారున్నారు. మాస్టారు ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని, "విన్నాన్రా నాయనా, విన్నాను. నేను రెండుసార్లు చూశాను. నీకు అన్నీ నేను చెబుతాగా" అన్నారు. షాపాయన నోరు తెరిచేలోపు దీపాలు ఆరిపోయాయి.

"తలుపు చప్పుడైంది!" అని చెవిలో అరిచారు మాస్టారు. "ఇప్పుడు ఉరిమింది! ఈ కెప్టెన్ చెప్పేదంతా అబద్ధం!"

షాపాయన పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. వినబడలేదని సైగ చేస్తున్నాడనుకుని మాస్టారు గొంతు పెంచారు. "నాకు వినిపిస్తోందండీ" అని గొణిగాడు. మాస్టారికే చెవులు అంతంతమాత్రం, ఆ గొణుగుడు ఆయన దాకా చేరలేదు. మరెవరైనా అయితే కాలరు పట్టుకుని ఉండేవాడు. పళ్ళు పటపట కొరుకుతూ భార్యవైపు తిరిగాడు, నువ్వయినా చెప్పవే అన్నట్టు. ఆవిడ పెదవులు బిగించి తెరవైపే చూస్తోంది. నిప్పంటుకున్నా మాట్లాడనని మాట ఇచ్చింది మరి.

శిష్యుడి ముఖం చూసి మాస్టారికి గుండె తరుక్కుపోయింది. మిగతావాళ్ళకి సినిమా చెడగొట్టకూడదన్న ఇంగితం ఉన్న మనిషి కనుక, రెండు చేతులూ దొప్పలా పట్టి, ముగింపుతో సహా కథ మొత్తం శిష్యుడి చెవిలోకే వొంపారు.

షాపాయన లేచి నిలబడ్డాడు. గడియారాల దొంగ దగ్గర్నించి దాచుకున్న కోపమంతా ఒక్కసారిగా గొంతులోకి వచ్చింది.

"ఆ నర్సే చచ్చిపోయిందనుకున్న చెల్లెలనీ, ఆవిడే విషం కలిపిందనీ నాకెందుకు చెప్పారు మాస్టారూ!"

హాల్లో తలలన్నీ ఆయనవైపు తిరిగాయి. తెర మీద కెప్టెన్, విషం ఎవరు కలిపారో తెలియక తల పట్టుకుని కూచున్నాడు. మాస్టారొక్కరే ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టారు. "వీడికి వినిపిస్తోందర్రా! నా మాట వినిపించింది!"

తరవాత హాల్లో లేచిన కేకల్ని ఇక్కడ రాయడం మర్యాద కాదు. టార్చిలైటు మనిషి షాపాయన్ని భుజం పట్టి బయటికి నడిపించాడు. గేటు దగ్గర ఆయన ఒక్కడే పోస్టరుకేసి గుర్రుగా చూస్తూ నిలబడ్డాడు. భార్య మాత్రం ఆఖరి దాకా చూసి, తీరిగ్గా బయటికి వచ్చింది.

"ఇప్పుడు మాట్లాడొచ్చాండీ?"

"ఏడువు."

"ముగింపు అచ్చం మీరు చెప్పినట్టే ఉంది."

మర్నాడు షాపుకి ఎంతమంది వచ్చినా సినిమా మాటెత్తిన వాళ్ళు లేరు. ఒకళ్ళిద్దరు చీటీ కౌంటరు మీద పెట్టి, ఈయన ఏ కథ చెప్పేస్తాడోనని చెవులు మూసుకుని నిలబడ్డారు. మధ్యాహ్నానికల్లా షాపులో దూది అయిపోయింది.