బంగారు పలక మీద బొటనవేలు

ఆ ఉదయం వెంకటనర్సయ్య పెట్టుకున్న పని చిన్నదే. టిఫిన్ చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కూతురు హరిణి పీహెచ్‌డీ ఆఖరి పరీక్ష చూడటానికి భార్యతో కలిసి వెళ్లాలి. ఫిల్మ్ నగర్‌లో ముప్పై ఏళ్లు కెమెరా అసిస్టెంటుగా చేసిన మనిషి. కెమెరాకు బొట్టు పెట్టందే ఏ సినిమాకూ మొదటిరోజు షూటింగు మొదలవనివ్వలేదు. అందుకే హరిణి స్నానానికి వెళ్లగానే ఆమె డబ్బా తెరిచి, లోపలున్న బంగారు పూత పలకకు భక్తిగా కుంకుమ పెట్టాడు.

లోహం పైకి ఒకేలా కనిపించినా, మరక పడినచోట వోల్టేజీ కాస్త మారుతుంది. సున్నితమైన కొలతల్లో ఆ కాస్త తేడాయే రెండు పలకల మధ్య లేని బలాన్ని ఉన్నట్టు చూపి శాస్త్రవేత్తలను బోల్తా కొట్టిస్తుంది. ఆ తేడాను పట్టి రంగుల్లో చూపే యంత్రాన్ని హరిణి మూడేళ్లు కష్టపడి కట్టింది. ల్యాబుకు రంగులు వేస్తున్నారని, మిగిలిన ఒక్క శుభ్రమైన పలకనూ ఇంట్లో దాచుకుంది.

"ఏం జేసినవయ్యా! ముట్టుకోవద్దని పిల్ల నెత్తీనోరూ కొట్టుకున్నది గదా!" అంది భార్య మంజులత.

"మంచి జరగాలని పెట్టిన. అదీ కెమెరా అసొంటిదే గదా!"

అతను పలకను బొటనవేలితో అదిమి పట్టుకుంటే ఆమె తన వాటం కొద్దీ ఎడమచేత్తో తడిగుడ్డ పెట్టి రుద్దింది. ఎరుపు పోయింది కానీ ఆ చోటు మిగతా దానికన్నా ఎక్కువ మెరిసింది. మంజులత హీరోయిన్లకు మేకప్ వేసే మనిషి. మెరుపు కనిపిస్తే ఆ చెయ్యి ఊరుకుంటుందా? పౌడరు అద్ది, ఊదేసి, "ఇగ బ్రహ్మదేవుడు గూడ పట్టలేడు" అని డబ్బా మూసేసింది.

ఆటో షేక్‌పేట దాటుతుంటే హరిణి డబ్బాను ఒళ్లో గట్టిగా పట్టుకుంది. "దీని మీద ఒక్క వేలు పడ్డా నా పని ఖతం నాన్నా."

వెంకటనర్సయ్య కిటికీ లేని ఆటోలో చెమటతో తడిసిపోయాడు.

ల్యాబులో తెర మీద మొత్తం నీలంగా రావాల్సిన పలక జాతర రంగుల్లో వచ్చింది. పరీక్షించడానికి వచ్చిన పెద్దాయన కళ్లజోడు సవరించుకుని, "ఏమిటమ్మా ఇది?" అన్నాడు.

హరిణి కన్నీళ్లు మింగి తెరకేసి చూసింది. "ఇక్కడ గుండ్రంగా ఏదో అంటింది సార్. గీతల వాలు చూస్తే ఎడమచేత్తో రుద్దారు. తర్వాత మెత్తటిదేదో అద్దారు. ఈ మూల బొటనవేలు."

మంజులత తన ఎడమచేతిని చీర కొంగులో దాచుకుంది.

వెంకటనర్సయ్య లేచి నిలబడ్డాడు. "ఆ వేలు నాది సార్. బొట్టు గూడ నేనే పెట్టిన. బిడ్డ తప్పేం లేదు, ఆమెను జర పాస్ చెయ్యండి." హరిణికి కోపం రావాల్సింది, ఏడుపొచ్చింది. వెళ్లి తండ్రి చెయ్యి పట్టుకుంది.

"మీరు కూర్చోండి," అన్నాడు పెద్దాయన. "థీసిస్‌లో ఈ అమ్మాయి కొలిచిన పలకలన్నీ శుభ్రంగానే వచ్చాయి. యంత్రానికి అసలు మరకలు కనిపిస్తున్నాయా అని అడుగుదామనే వచ్చాను. ఇక అడగక్కర్లేదండీ."

థీసిస్ అచ్చులో ఆ రంగుల బొమ్మ కింద హరిణి "నమూనా తయారీ: వెంకటనర్సయ్య, మంజులత" అని వేసింది. టైటిల్స్‌లో తన పేరు రెండోది అయిందని మంజులత రెండు రోజులు ఇద్దరితోనూ మాట్లాడలేదు.