ఒక మాజీ డ్రమ్మరు మనవి

పాఠక మహాశయులారా, ఏ రాక్ బ్యాండైనా పది కాలాలపాటు బతకాలంటే ముందుగా చేయాల్సిన పని పాటలు కట్టుకోవడం కాదు. ఉన్న మనుషుల్ని ఒక్కొక్కరినే మార్చేయడం!

తొందరపడి నా మీదికి రాకండి. గాల్లోంచి తీసి చెబుతున్న మాట కాదిది. ఒక బ్యాండుని ముప్పై ఏళ్ళుగా దగ్గరుండి, కాదు, దూరముండి గమనించి చెబుతున్నాను. వాళ్ళ ప్రోగ్రాం ఎక్కడ జరిగినా వెళ్తాను. వెనకాల ఏదో ఒక స్తంభం చూసుకుని దాని చాటున కూర్చుంటాను. కేవలం పరిశోధన కోసం. బ్యాండు పేరు మాత్రం చెప్పను. చెబితే వాళ్ళకి ఊరికే ప్రచారం చేసినట్టవుతుంది.

బ్యాండులో ఐదు కుర్చీలు. ఈ ముప్పై ఏళ్ళలో ఆ ఐదింట్లో కూర్చున్నవాళ్ళు ఇరవై ఏడు మంది. గిటారు వాయించే పొడుగు ఒక్కడే మొదటినుంచీ ఉన్నాడు. పొడుగు అనేది కాలేజీలో పెట్టిన పేరు. పగలు కళ్ళజోళ్ళ షాపు చూసుకుంటాడు. మిగతా నాలుగు కుర్చీల్లో పాడేవాళ్ళు ఏడుగురు, కీబోర్డు వాళ్ళు ఎనిమిది మంది, బాస్ గిటారు వాళ్ళు ఆరుగురు, డ్రమ్మర్లు ఐదుగురు. ఆ డ్రమ్మర్లలో మొదటివాణ్ణి నేనే. ఈ సంగతి కేవలం సమాచారం కోసం చెబుతున్నాను. నాకు ఏ బాధా లేదు.

ఇక లాభాలు చూడండి.

మొదటి గాయకుడు గొంతు పైకి వెళ్ళాల్సి వచ్చినప్పుడల్లా మైకు జనం వైపు తిప్పేవాడు. రెండో ఆయన గొంతు బాగుండేది గానీ మాటలు గుర్తుండేవి కావు. మూడో ఆయనకి మాటలన్నీ గుర్తే, ఏ మాట ఏ పాటలోదో గుర్తుండేది కాదు. నాలుగో ఆవిడకి గొంతూ ఉంది, జ్ఞాపకమూ ఉంది. అందుకే ఆరు నెలల్లో వెళ్ళిపోయింది. ఒకే మనిషి ముప్పై ఏళ్ళు పాడితే ఇంత వైవిధ్యం ఎక్కడినుంచి వచ్చేది చెప్పండి?

కీబోర్డు వాళ్ళ వల్ల సమాజానికే మేలు జరిగింది. మీరు ఏ ఆఫీసుకి వెళ్ళినా అక్కడ ఈ బ్యాండులోంచి బయటికొచ్చిన కీబోర్డు ప్లేయరు ఒకడు తగులుతాడు. మా బ్యాంకులో కౌంటరు దగ్గర ఒకడున్నాడు. మా అమ్మాయికి లెక్కలు చెప్పే మాస్టారు ఇంకొకడు. పనిలో పనిగా టేబుల్ మీద వేళ్ళు ఆడిస్తూనే ఉంటారు పాపం.

అన్నింటికంటే పెద్ద సౌకర్యం వేరే ఉంది. పాట పాడైతే తప్పెవరిది? వెళ్ళిపోయినవాడిది! "ముందున్న బాసాయన అలా అలవాటు చేసి పోయాడండీ" అంటే చాలు, ఎదుటివాడు నోరెత్తడు. ఈ సదుపాయం మన ఇళ్ళల్లో ఉందా? కూర మాడితే మాడ్చినవాడు ఎదురుగానే కూర్చుని ఉంటాడు. నా సంగతే చూడండి. ఇరవై ఆరేళ్ళుగా ఒకే బావమరిది! ఒకే జోకు! నాలుగేళ్ళకోసారి కొత్త బావమరిదిని తీసుకునే వీలుంటే ఎంత బాగుండేదో మా ఆవిడతో ఒకసారి అన్నాను. మొగుడి విషయంలో కూడా అదే పద్ధతి పెడదామంది. ఆ చర్చ అక్కడితో ఆపేశాను.

అభిమానులకీ లాభమే. మా తరంవాడు "అసలు బ్యాండంటే మా రోజుల్లోదే" అంటాడు. మా తమ్ముడి తరంవాడూ అదే అంటాడు. మొన్న పన్నెండేళ్ళ పిల్ల ఒకతె పోయినేడాది బ్యాండే అసలైనదని నాతో వాదించింది. ఇంతమందికి ఇంత తృప్తిగా నిట్టూర్చే అవకాశం ఇంకెవరిచ్చారు?

అయితే మనుషులు ఇలా మారిపోతుంటే పాటలు ఏమైపోతాయని మీకు అనుమానం రావచ్చు. రావాలి కూడా. దానికి ఆ బ్యాండులో ఒక కట్టుబాటు ఉంది. వెళ్ళేవాడు ఊరికే వెళ్ళకూడదు. వచ్చేవాడి పక్కన పది రోజులు కూర్చుని తన వాయిద్యం తాలూకు మొత్తం నేర్పి, "ఇక వెళ్తున్నాను" అని అందరితో చెప్పి మరీ వెళ్ళాలి.

వాళ్ళు నేర్పడమూ, వీళ్ళు నేర్చుకోవడమూ ఎంత నిష్ఠగా జరుగుతాయో చెబితే మీ కళ్ళు చెమరుస్తాయి. మొదటి గాయకుడికి కళ్ళజోడు వదులు. రెండో చరణం దగ్గర ముక్కు మీద వేలుపెట్టి పైకి తోసుకునేవాడు. ఆ తర్వాత వచ్చిన ఆరుగురూ సరిగ్గా ఆ చరణం దగ్గరే ముక్కు తోసుకుంటారు. వాళ్ళలో నలుగురికి కళ్ళజోడే లేదు. రెండో కీబోర్డు ఆయన ఉంగరం వేలికి కట్టు కట్టుకుని నేర్పాడట. ఇప్పటికీ ఆ సీటులో ఎవరు కూర్చున్నా ఆ వేలు పైకి లేచే ఉంటుంది. కట్టు విప్పి పాతికేళ్ళయింది.

ఇలా ఎవరికీ నేర్పకుండా వెళ్ళినవాడు ఒక్కడే ఒక్కడు. నేను.

ఏం జరిగిందంటే, మా అక్క పెళ్ళికని పది రోజులు వేరే ఊరు వెళ్ళాను. తిరిగొచ్చిన సాయంత్రమే స్టిక్కులు జేబులో పెట్టుకుని రిహార్సల్ గదికి బయల్దేరాను. సైకిల్ షాపు మీద గది. పంతొమ్మిది మెట్లు. పదిహేనో మెట్టు మీద ఉండగా లోపల డ్రమ్ములు వినిపించాయి. నా డ్రమ్ములు! ఎవరో బాగానే వాయిస్తున్నారు. లోపల నవ్వులు కూడా వినిపించాయి. తలుపు ముందు కాసేపు నిలబడ్డాను. ఓహో, నన్ను మార్చేశారన్నమాట, చాలా మంచి నిర్ణయం అనుకుని మెట్లు దిగి ఇంటికి వచ్చేశాను. ఆ తర్వాత పొడుగు మా ఇంటికి వస్తే లేనని చెప్పమని అమ్మకి చెప్పాను. బజార్లో ఎదురుపడితే పక్క సందులోకి తిరిగేవాణ్ణి. నడక ఒంటికి మంచిది కదా.

నా జాగాలో వచ్చినవాడికి పాపం నేర్పేవాళ్ళు లేరు. మేము గదిలో రికార్డు చేసుకున్న క్యాసెట్టు ఒకటి ఉంటే అదే విని నేర్చుకున్నాడు. ఆ క్యాసెట్టులో ఒక చిన్న పొరపాటు ఉంది. మూడో చరణం మధ్యలో చెమటకి నా చేతిలోని స్టిక్కు జారి కింద పడింది. వంగి తీసుకున్నాను. రెండు దెబ్బలు ఖాళీ పోయి, ఆ ఖాళీలో స్టిక్కు నేలకి తగిలిన 'టక్' ఒకటి పడింది. అంతే. మళ్ళీ రికార్డు చేద్దామనుకున్నాం గానీ కరెంటు పోయింది.

ఈ సంగతి నేను ఎప్పుడో మర్చిపోయాను. మొన్న పన్ను నొప్పితో డాక్టరు దగ్గరికి వెళ్ళేదాకా.

పళ్ళ డాక్టరమ్మకి పాతికేళ్ళుంటాయి. ఆ అమ్మాయే ఈ బ్యాండుకి ఐదో డ్రమ్మరని స్తంభం వెనకనుంచి చూసి నాకు తెలుసు. నేనెవరో ఆ అమ్మాయికి తెలీదు. నా నోట్లో దూది కుక్కి, గొట్టం పెట్టి, మత్తు ఎక్కేదాకా ఆగుతూ ట్రే మీద వేళ్ళతో దరువు వేయడం మొదలుపెట్టింది. మూడో చరణం దగ్గర ఆగింది. చిన్న కత్తెరతో ట్రేని 'టక్' మని కొట్టి మళ్ళీ అందుకుంది.

"ఇది మా బ్యాండు పాటండీ అంకుల్. ఆ గ్యాప్ విన్నారా? అదే ఈ పాటకి ప్రాణం. మొదటి డ్రమ్మరు గారు పెట్టారట. అది నాకు పట్టుబడటానికి ఎనిమిది నెలలు పట్టింది."

"ఆఁ... ఆఁ..." అన్నాను. దూది ఉంది కదా.

"మీకు అర్థం కాదులెండి, కొంచెం టెక్నికల్. దుఃఖం వచ్చి మాట ఆగిపోయినట్టన్నమాట. ఆ టక్ కోసం స్పెషల్‌గా ఒక చెక్క ముక్క చేయించుకున్నాను. అక్కడ జనం ఎలా చప్పట్లు కొడతారో తెలుసా? నోరు ఇంకొంచెం తెరవండి."

నోరు తెరిచాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. డాక్టరమ్మ నొప్పేమో అనుకుని ఇంకొంచెం మత్తు ఇచ్చింది.

బయటికి వస్తుంటే రిసెప్షన్ గోడ మీద పోస్టరు కనిపించింది. బ్యాండుకి ముప్పై ఏళ్ళు నిండిన సందర్భంగా ప్రత్యేక కచేరీ. ఇంతకాలం బ్యాండులో ఉండి వెళ్ళిన వాళ్ళందరినీ వేదిక మీదికి పిలిచి వాయింపిస్తారట. కింద వరసల్లో వాళ్ళ ఫొటోలు. అబద్ధం ఎందుకు చెప్పాలి, నన్ను పిలుస్తారా, నా ఫొటో ఉంటుందా అని ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్ళాను. ఇరవై ఏడులో ఇప్పుడున్న ఐదుగురూ పోగా ఇరవై ఇద్దరుండాలి. ఇరవై ఒక్కరే ఉన్నారు. నేను లేను.

పైవరసలో ఇప్పటి బ్యాండు. ఐదుగురు ఉండాల్సిన చోట ఆరుగురున్నారు. ఆ ఆరోవాడు ఎవడో నెత్తిన గంపెడు జుట్టున్న కుర్రాడు. అప్పుడే ఇంకొకణ్ణి చేర్చుకున్నారన్నమాట! చేర్చుకోండి, నాకేం?

ఇంటికి వచ్చి, సెల్లులో తీసుకున్న ఆ పోస్టరు ఫొటో మా ఆవిడకి చూపించాను. మూడు రోజులపాటు చూపిస్తూనే ఉన్నాను.

"ఫోన్ చేసి అడగొచ్చుగా ఆ కళ్ళజోళ్ళ షాపాయన్ని?" అంది.

"నేనెందుకు అడుగుతాను? మనుషులు మారడం మంచిదే. నేను దాని మీద వ్యాసం రాస్తున్నాను."

"రాయండి, రాయండి. అన్నం కూడా సరిగ్గా తినకుండా రాస్తున్నారు." అని పోస్టరు మీదున్న నంబరుకి తనే ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి నా ముందు పెట్టింది. నేను లేనని చెప్పడానికి ఇప్పుడు అమ్మ కూడా లేదు.

"ఏరా, పెళ్ళి అయిపోయిందా?" అన్నాడు పొడుగు.

ముప్పై ఏళ్ళ తర్వాత విన్న మొదటి మాట అది. "ఆఁ... ఆఁ..." అన్నాను. ఈసారి దూది కూడా లేదు.

"ఒరేయ్, నా ఫొటో వెయ్యలేదేం?" అన్నాను చివరికి.

"వేశాంగా."

"ఇరవై ఒక్కటే ఉన్నాయి. నేను లెక్కపెట్టాను."

"కింద ఉన్నవి వెళ్ళిపోయినవాళ్ళవి. నువ్వు వెళ్తున్నానని ఎప్పుడు చెప్పావు? నీది పైన వేశాం. చూసుకో."

మా ఆవిడ ఫొటోని వేళ్ళతో పెద్దది చేసింది. గంపెడు జుట్టు కుర్రాడు నన్నే చూస్తున్నాడు. "ఏమండీ, ఇది మీరే," అంది. మా పెళ్ళినాటికే నాకు జుట్టు పల్చబడింది. తను నన్ను అలా ఎప్పుడూ చూడలేదు. అయినా గుర్తుపట్టింది. నేనే పట్టలేదు.

"మరి ఆ రోజు డ్రమ్ముల మీద ఎవడో కూర్చున్నాడుగా?"

"ఆ రోజంటే? నువ్వొచ్చావా?" అన్నాడు పొడుగు. "వాడు బాస్ వాడి కజిన్‌రా. నువ్వొచ్చేదాకా పది రోజులు వాయించమని బతిమాలి తెచ్చుకున్నాం. నువ్వు రాలేదు. ఇంటికొస్తే లేడన్నారు. రెండు నెలలు చూసి, సరే నువ్వే ఉండరా అన్నాం వాణ్ణి. ఆ తర్వాత ప్రతి ప్రోగ్రాంకీ వచ్చి స్తంభం వెనక కూర్చుంటావు. స్టేజి మీదికి శుభ్రంగా కనబడతావు. పలకరిద్దామని దిగేసరికి పారిపోతావు. నీతో ఏం చెయ్యమంటావు? రేపు ఆరింటికి రిహార్సల్. రా."

వెళ్ళాను. పంతొమ్మిది మెట్లు ఎక్కేసరికి ఆయాసం వచ్చింది. లోపల ఎవరో వాయిస్తున్నారు. తలుపు తోశాను.

డాక్టరమ్మ నన్ను చూసి "పన్ను ఎలా ఉందంకుల్?" అని లేచి స్టూలు ఇచ్చింది. కూర్చున్నాను. పాట మొదలైంది. గాయకుడు ముక్కు తోసుకున్నాడు, కీబోర్డు వేలు లేచింది, మూడో చరణం వచ్చింది. నా చేతిలో స్టిక్కు జారలేదు. ఆపకుండా వాయించుకుంటూ పోయాను. ఒక్కసారిగా అందరూ తప్పిపోయి పాట కుప్పకూలింది.

"అంకుల్, గ్యాప్," అంది డాక్టరమ్మ.

"అమ్మా, అది గ్యాప్ కాదు. నా స్టిక్కు కింద పడింది."

"భలేవారే. అలా అనకండి, మొదటి డ్రమ్మరు గారు వింటే బాధపడతారు."

"ఆ మొదటివాడు వీడేనమ్మా," అన్నాడు పొడుగు. డాక్టరమ్మ నన్నొకసారి, నా నెత్తినొకసారి చూసి, నమ్మడం నా వల్ల కాదన్నట్టు తలూపింది. పొడుగు నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పింది నిజమే అయినా ఇప్పుడేం చెయ్యలేంరా. పది రోజులు ఆ అమ్మాయి పక్కన కూర్చుని నేర్చుకో."

నేర్చుకుంటున్నాను. ఇవాళ నాలుగో రోజు. టక్ ఇంకా సరిగ్గా రావడం లేదు. డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెబుతుంది, నా టక్‌లో దుఃఖం చాలడం లేదట.

పాఠక మహాశయులారా, బ్యాండులో మనుషులు మారడం ఎంత మంచిదో పైన ఇంతసేపు చెప్పాను. అది ముప్పై ఏళ్ళుగా నాకు నేను చెప్పుకున్న అబద్ధం. అందులో ఒక్క ముక్క కూడా నమ్మకండి. నన్నెవరూ మార్చలేదు. తలుపు కొట్టకుండా మెట్లు దిగింది నేను. కొట్టి ఉంటే పొడుగు తీసేవాడు.